పసుపు పొడి, కర్క్యుమిన్ క్యాప్సూల్ ఒకటేనా? మోకాళ్ల నొప్పికి అమ్మగారు వాడుతున్న సీసా గురించి సలహా కావాలి

తెనాలి_అమ్మాయి

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మగారి వయసు 64 సంవత్సరాలు. మోకాళ్ల అరుగుదల ఉంది. గుండెకు స్టెంట్ వేసినప్పటి నుంచి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు, వాటితోపాటు షుగరు మాత్రలు కూడా ఉన్నాయి. ఇటీవల బంధువులొకరు పసుపు క్యాప్సూళ్ల సీసా ఒకటి తెచ్చి ఇచ్చారు. రోజుకు రెండు చొప్పున వేసుకుంటున్నారు. నొప్పి కొంత తగ్గిందని అమ్మ చెబుతున్నారు, ఆ మాట నేను కాదనడం లేదు.

సీసా మీద ఇలా ఉంది: ఒక్కో క్యాప్సూల్‌లో పసుపు సారం 500 మిల్లీగ్రాములు, అందులో కర్క్యుమినాయిడ్లు 95%, మిరియాల నుంచి తీసిన పైపెరిన్ 5 మిల్లీగ్రాములు. డాక్టరుగారికి చెప్పారా అని అడిగితే, "పసుపు వేసుకుంటున్నానని కూడా డాక్టరుకు చెప్పాలా? పుట్టినప్పటి నుంచి తింటున్నదే కదా" అన్నారు. ఆ మాటకు నా దగ్గర సరైన జవాబు లేదు. ఇది నిజంగా మన పోపులపెట్టెలోని పసుపేనా? గుండె మాత్రలతో కలిపి వాడవచ్చా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

హనుమకొండ_ఫార్మసిస్టు

మీరు లేబుల్ పూర్తిగా చదివి రాసినందుకు ధన్యవాదాలు. చాలామంది "ఏదో పసుపు మాత్ర" అని మాత్రమే చెబుతారు, అలా చెబితే ఎవరమూ సలహా ఇవ్వలేము.

ముందు లెక్క చూద్దాం. మన మార్కెట్లో దొరికే మామూలు పసుపులో కర్క్యుమినాయిడ్లు (పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్, దాని జాతి పదార్థాలు) రకాన్నిబట్టి సుమారు 2 నుంచి 5 శాతం ఉంటాయి. 3 శాతం అనుకుంటే, రోజంతా పప్పులో, కూరలో, పులుసులో కలిపి ఒక మనిషికి 3 గ్రాముల పసుపు చేరినా, అందులో కర్క్యుమినాయిడ్లు 90 మిల్లీగ్రాములే. మీ అమ్మగారి క్యాప్సూల్ ఒక్కదానిలోనే 475 మిల్లీగ్రాములు ఉన్నాయి, రెండింటికీ కలిపి 950. అంత కర్క్యుమిన్ పసుపు రూపంలో తినాలంటే రోజుకు 30 గ్రాములకు పైగా పొడి మింగాలి. ఏ వంటింట్లోనూ ఎవరూ అలా తినరు. ఆహారంలో కలిపే పదార్థాలను పరిశీలించే అంతర్జాతీయ నిపుణుల సంఘం జెక్ఫా కర్క్యుమిన్‌కు పెట్టిన రోజువారీ పరిమితి శరీర బరువులో కిలోకు 3 మిల్లీగ్రాముల దాకా. 60 కిలోల మనిషికి అది 180 మిల్లీగ్రాములు.

ఇక రెండో సంగతి పైపెరిన్. కర్క్యుమిన్‌ను మన శరీరం సహజంగా బయటికి నెట్టేస్తుంది. పేగులోనూ కాలేయంలోనూ దానికి మరో అణువును తగిలించి త్వరగా విసర్జిస్తుంది, కనుక రక్తంలోకి చేరేది అత్యల్పం. పైపెరిన్ ఆ పనిని అడ్డుకుంటుంది. 1998లో బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపెరిన్ కలిపి మనుషులకు ఇచ్చి చూస్తే, రక్తంలో దాని లభ్యత 20 రెట్లు పెరిగింది. ప్రకటనల్లో వినిపించే "ఇరవై రెట్లు" అన్న మాట అక్కడిదే. అయితే పైపెరిన్ కర్క్యుమిన్‌ను ఒక్కదాన్నే ఎంచుకుని ఆపదు. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, గుండెకు వాడే ప్రొప్రనోలాల్, ఆయాసానికి వాడే థియోఫిల్లిన్ వంటి మందుల మోతాదు కూడా రక్తంలో పెరిగినట్టు అధ్యయనాలు చూపించాయి.

మీ అమ్మగారి విషయంలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది రక్తస్రావం. కర్క్యుమిన్‌కు ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) ఒకదానికొకటి అతుక్కోకుండా చేసే గుణం ప్రయోగశాలల్లో కనిపించింది. అదే పని చేసే మందులు ఆమె ఇప్పటికే రెండు, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వాడుతున్నారు. చిగుళ్ల నుంచి రక్తం, చిన్న దెబ్బకే చర్మం కమిలిపోవడం, నల్లటి విరేచనం వంటివి ఏమైనా ఉన్నాయేమో అడగండి. గుండె మాత్రలు మాత్రం ఏ కారణం చేతనూ మీ అంతట మీరు ఆపవద్దు. ఆపవలసింది ఈ సీసా, అదీ వెంటనే. ఈ వారమే హృద్రోగ నిపుణులకు సీసా చూపించండి.

స్వదేశీ_మూలిక

ఫార్మసిస్టుగారి లెక్కలను గౌరవిస్తాను, కానీ ఈ చర్చ ఒకవైపే నడవడం నాకు బాధగా ఉంది. మోకాళ్ల నొప్పికి ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు మింగి కడుపులో పుండ్లు తెచ్చుకున్నవారిని, మూత్రపిండాలు పాడుచేసుకున్నవారిని మనమందరం చూశాం. అప్పుడు ఎవరూ ఇంత లోతుగా లెక్కలు వేయరు. మన పసుపు అనేసరికి మాత్రం అనుమానాలు పుట్టుకొస్తాయి.

1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి, గాయాలు మానడానికి పసుపు వాడకం మీద పేటెంట్ ఇచ్చారు. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి, మాషెల్కర్‌గారి నాయకత్వంలో, సంస్కృతం, ఉర్దూ, హిందీ తదితర భాషల్లోని 32 ఆధారాలు ముందుంచి పోరాడితే 1997లో ఆ పేటెంట్‌ను రద్దు చేశారు. మన జ్ఞానం విలువ అది. థాయ్‌లాండ్‌లో 2014లో 367 మంది మోకాళ్ల అరుగుదల రోగుల మీద జరిగిన పరీక్షలో రోజుకు 1500 మిల్లీగ్రాముల పసుపు సారం, 1200 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్‌తో సమానంగా పనిచేసింది. కడుపు బాధలు పసుపు వాడినవారిలోనే తక్కువ. ఈ సంగతి కూడా ఆ అమ్మాయికి చెప్పాలి కదా?

హనుమకొండ_ఫార్మసిస్టు

చెప్పాలి, మీరు చెప్పినందుకు సంతోషం. ఆ పరీక్ష ఫలితం నిజమే, అది జరిగింది నాలుగు వారాలు. నొప్పి మాత్రల వల్ల కడుపుకు, మూత్రపిండాలకు జరిగే హాని గురించి నేను రోజూ దుకాణంలో నోరు నొప్పి పుట్టేలా చెబుతూనే ఉంటాను. తెనాలి అమ్మాయిగారి అమ్మగారికి నొప్పి తగ్గిందన్న మాటను కూడా నేను నమ్ముతున్నాను. పనిచేసే పదార్థం కనుకనే దానికి మందుకు ఇచ్చే జాగ్రత్త ఇవ్వమంటున్నాను. రక్తంలోకి చేరి వాపును తగ్గించగలిగినది మరొక మందు పని మీద ప్రభావం చూపదని అనుకోవడానికి ఆధారం లేదు.

ఆయుర్వేద_వైద్యుడు_తిరుపతి

నేను ఆయుర్వేద పట్టభద్రుడిని, వైద్యవృత్తిలో ఉన్నాను. స్వదేశీ_మూలికగారి ఆవేదన నాకు పరాయిది కాదు. అయినా ఒక్క విషయం నిదానంగా ఆలోచించమని కోరుతున్నాను. ఆ పేటెంట్ కేసులో మనం చూపించిన ఆధారాలన్నీ పసుపు చూర్ణానివి, లేపనానివి. ద్రావకాలతో పసుపులోంచి ఒక్క పదార్థాన్ని విడదీసి, 95 శాతం శుద్ధి చేసి, దానికి పైపెరిన్ చేర్చిన పదార్థం మన గ్రంథాల్లో ఎక్కడా లేదు. దాన్ని వాడినవారి తరతరాల అనుభవమూ మన దగ్గర లేదు. అందువల్ల పసుపు మీద మనకున్న నమ్మకాన్ని ఆ సీసాకు అప్పగించలేము.

భారత ఆయుర్వేద ఫార్మకోపియాలో (ఔషధ ప్రమాణాల గ్రంథంలో) హరిద్రా చూర్ణం, అంటే పసుపు పొడి, మోతాదు 1 నుంచి 3 గ్రాములు. ప్రాచీన ఆయుర్వేద ఆచార్యుడు వాగ్భటుడు ప్రమేహానికి (మధుమేహం వంటి మూత్ర సంబంధ వ్యాధులకు) ఉసిరిక, పసుపు కలిపి చెప్పాడు, దాన్నే ఈనాడు నిశామలకి అని ఇస్తున్నాం. దద్దుర్లకు హరిద్రాఖండం ఉంది. వీటన్నిటిలో పసుపు మొత్తంగా ఉంటుంది, అంటే దాని తైలాలు, పిండి, పీచు అన్నీ కలిసే ఉంటాయి. శుద్ధి చేసిన కర్క్యుమిన్ స్ఫటికాల్లో ఆ తైలాలు దాదాపు పోతాయి.

పైపెరిన్ గురించి మన శాస్త్రం ఏమంటుందో కూడా చెప్పాలి. చరకసంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలోనే మూడు ద్రవ్యాలను అతిగా వాడరాదని స్పష్టంగా ఉంది: పిప్పళ్లు, క్షారం, ఉప్పు. పిప్పళ్లలోనూ మిరియాలలోనూ ఘాటునిచ్చేది ఈ పైపెరినే. పిప్పళ్లను రసాయనంగా (శరీరానికి బలమిచ్చే ఔషధంగా) దీర్ఘకాలం ఇచ్చేటప్పుడు కూడా వర్ధమాన పిప్పలి పద్ధతిలో క్రమంగా పెంచి, క్రమంగా తగ్గించి, పథ్యంతో ఇస్తారు. అనుపానం (మందుతోపాటు ఇచ్చే తేనె, పాలు వంటివి) లేకుండా, రోగి బలాబలాలు చూడకుండా, నెలల తరబడి ఒకే మోతాదులో మింగమని ఏ ఆచార్యుడూ చెప్పలేదు. ఇక్కడ ఆయుర్వేదానికీ ఆధునిక వైద్యానికీ తగవు లేదు. రెంటికీ వెలుపల ఉన్న వ్యాపార పద్ధతితోనే ఇబ్బంది.

అమ్మగారికి పిత్తాశయంలో రాళ్లు ఉన్నాయేమో కూడా కనుక్కోండి. కర్క్యుమిన్ పిత్తాశయాన్ని సంకోచింపజేస్తుంది, రాళ్లున్నవారికి అది నొప్పి తెచ్చిపెట్టవచ్చు.

మెల్‌బోర్న్_తెలుగు

ఇక్కడి అనుభవం కొంత పంచుకుంటాను. ఆస్ట్రేలియా మందుల నియంత్రణ సంస్థ 2023 ఆగస్టులో పసుపు, కర్క్యుమిన్ ఉన్న మందుల వల్ల అరుదుగా కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉందని ప్రజలకు హెచ్చరిక జారీ చేసింది. ఎక్కువగా ఒంటబట్టేలా తయారుచేసినవి, ఎక్కువ మోతాదులో ఉన్నవి వాడితే ఆ ప్రమాదం ఎక్కువ కావచ్చని, ఇదివరకు కాలేయ వ్యాధి ఉన్నవారు జాగ్రత్తపడాలని చెప్పింది. ఆహారంలో మామూలుగా వాడే పసుపుకు ఆ హెచ్చరిక వర్తించదని కూడా అందులోనే ఉంది. అంతకుముందు ఇటలీలోనూ ఇలాంటి కేసులు బయటపడి, 2022లో సీసాల మీద హెచ్చరిక ముద్రించడం తప్పనిసరి చేశారు.

అమెరికాలో మందుల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులను నమోదుచేసే వైద్యుల బృందం ఒకటి ఉంది. పసుపు ఉత్పత్తులతో ముడిపడిన 10 కేసులను వారు విశ్లేషించారు. ఐదుగురు ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది, ఒకరు మరణించారు. పది మందిలో ఏడుగురికి ఒకే రకమైన జన్యు లక్షణం ఉంది. అంటే ఇది అందరికీ వచ్చే సమస్య కాదు, కానీ ఎవరికి వస్తుందో ముందుగా చూసి చెప్పలేం. ఇక్కడి మన తెలుగు కుటుంబాల్లో పెద్దవాళ్లు ఇండియా నుంచి వచ్చేటప్పుడు ఇలాంటి సీసాలు సూట్‌కేసుల్లో తెచ్చుకుంటారు, ఇక్కడి డాక్టరు "ఏ మందులు వాడుతున్నారు" అని అడిగితే వాటి పేరెత్తరు. పచ్చకామెర్లు వచ్చినప్పుడు వైద్యులు కారణం కోసం వెతుకుతూనే ఉంటారు.

స్వదేశీ_మూలిక

కాలేయం గురించి ఇలాగే 2021లో తిప్పతీగ మీద కూడా ప్రచారం జరిగింది. ముంబై వైద్యులు ఆరుగురు రోగుల గురించి రాస్తే, ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని ఖండించింది. తిప్పతీగను పోలిన మరో తీగను వాడి ఉంటారని చెప్పింది.

ఆయుర్వేద_వైద్యుడు_తిరుపతి

ఆ తరువాత జరిగినది కూడా చూడాలి. 2022లో దేశంలోని 13 కేంద్రాల వైద్యులు కలిసి 43 మంది రోగుల వివరాలు ప్రచురించారు. కోవిడ్ రోజుల్లో కషాయం పేరుతో ఇంటింటా తిప్పతీగ కాచుకుని తాగారు. వ్యాధినిరోధక వ్యవస్థ తన శరీరం మీదే తిరగబడే జబ్బులు ఉన్నవారికి, రోగనిరోధక శక్తిని ప్రేరేపించే ద్రవ్యం ఇబ్బంది తెచ్చిందన్నది ఆ వైద్యుల అభిప్రాయం. థైరాయిడ్ సమస్య, కీళ్లవాతం, మధుమేహం ఉన్నవారికి నేను తిప్పతీగ ఇచ్చేటప్పుడు కాలేయ పరీక్ష చేయించుకోమని చెబుతున్నాను, దానివల్ల నా శాస్త్రానికి చిన్నతనం రాలేదు. రోగిని చూడకుండా, నాడి పట్టకుండా, వాట్సాప్ సందేశం చూసి అందరికీ ఒకే కషాయం ఇవ్వడం మన సంప్రదాయం కాదు.

ఆర్మూరు_పసుపు_రైతు

ఇంతసేపూ మాత్ర గురించి మాట్లాడారు. పండించేవాడిగా పొడి గురించి నేనూ రెండు మాటలు చెబుతాను, ఎందుకంటే "మాత్ర మానేసి పొడి వాడండి" అన్నంత మాత్రాన పని పూర్తి కాదు, ఆ పొడి ఏదో తెలియాలి.

జూన్‌లో విత్తనం పెడితే జనవరి నుంచి మార్చి దాకా తవ్వకాలు. తవ్విన పచ్చి పసుపును ఆవిరి బాయిలర్లలో ఉడికించి, కళ్లంలో రెండు వారాల దాకా ఎండబెట్టి, తిరిగే డ్రమ్ములో వేసి పాలిష్ పడతాం. నూరు కిలోల పచ్చి పసుపుకు ఎండినది ఇరవై కిలోలు దిగితే బాగా దిగినట్టు. నిజామాబాద్ మార్కెట్లో కాడి (కొమ్ము), గోళ (గుండ్రటి దుంప), చూర (చిన్న ముక్కలు) అని విడివిడిగా రాశులు పోస్తారు, ఒక్కోదానికి ఒక్కో ధర. సరిగ్గా ఉడికిన కాడిని విరిస్తే లోహం మోగినట్టు టంగుమని విరుగుతుంది, విరిగిన చోట లోపల నారింజ రంగు ఒకే తీరుగా ఉంటుంది. సరిగ్గా ఉడకనిదాని లోపల రంగు అంతటా సమంగా ఉండదు. కొనేవాడు పైరంగు చూసి ధర పెడతాడు, మోసం కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.

బంగ్లాదేశ్‌లో 1980లలో వరదలకు తడిసి నల్లబడిన పసుపుకు మెరుపు తేవడానికి వ్యాపారులు పాలిష్ దశలో లెడ్ క్రోమేట్ అనే పసుపు రంగు రసాయనం పూయడం మొదలుపెట్టారు. అందులో ఉండేది సీసం అనే విషలోహం. గర్భిణుల రక్తంలోని సీసం ఎక్కడిదని వెతుకుతూ పోయిన పరిశోధకులు చివరికి పసుపు దగ్గరికి వచ్చారు. 2019లో అక్కడి ప్రభుత్వం గట్టిగా దాడులు, ప్రచారం చేపట్టాక, మార్కెట్ నమూనాల్లో 47 శాతం ఉన్న సీసం కల్తీ 2021 నాటికి సున్నాకు వచ్చింది. ప్రభుత్వం తలచుకుంటే ఎంత త్వరగా ఆపవచ్చో దానితో తెలుస్తుంది.

మా జిల్లా రైతులు పసుపు బోర్డు కోసం 2019 పార్లమెంటు ఎన్నికల్లో 178 మంది నామినేషన్లు వేసి నిలబడ్డారు, మొత్తం 185 మంది అభ్యర్థులు బరిలో ఉన్నారు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. మా కోరిక గిట్టుబాటు ధర ఒక్కటే కాదు. మార్కెట్లోనే కర్క్యుమిన్ శాతం, సీసం రెండూ పరీక్షించి ఆ చీటీ ఆధారంగా ధర కట్టే ఏర్పాటు కావాలి. అప్పుడు పైమెరుపు కోసం ఎవడూ రంగు పూయడు.

రాజమండ్రి_గృహిణి

రైతుగారికి నమస్కారాలు. మా ఇంట్లో పొడి కొనే అలవాటు లేదండి. ఏటా మాఘమాసం దాటాక కొమ్ములు కొని, తడిగుడ్డతో తుడిచి, రెండు రోజులు గట్టి ఎండలో పెట్టి మిల్లులో ఆడిస్తాం. మా ముందు మిరపకాయలు ఆడించినవారుంటే, మొదట గుప్పెడు కొమ్ములు వేసి ఆ పొడి పక్కకు తీయించి, ఆ తరువాతే మావి వేయిస్తాను. కొనేటప్పుడు మరీ నిగనిగలాడే కొమ్ములు తీసుకోను. ఒక కొమ్మును గ్లాసు నీళ్లలో వేస్తే వెంటనే రంగు చిక్కగా దిగిందంటే ఆ కొట్టుకు ఇక వెళ్లను. పొడిని కూడా అలాగే గ్లాసు నీళ్లలో చల్లి కదపకుండా వదిలేస్తే, మంచిదైతే అడుగుకు దిగి పైన నీరు లేత పసుపుగా ఉంటుంది.

దగ్గు, గొంతునొప్పి వస్తే పాలలో చిటికెడు పసుపు, నాలుగు మిరియాలు దంచి వేసి మరిగించి ఇస్తాను. దానికీ ఈ లెక్కలన్నీ వర్తిస్తాయా? పిల్లలకు ఇవ్వవచ్చా?

హనుమకొండ_ఫార్మసిస్టు

నిరభ్యంతరంగా ఇవ్వవచ్చండి. ఏడాది నిండిన పిల్లలకు చిటికెడు పసుపు, కొద్దిగా మిరియం ఆహారం కిందికే వస్తాయి. పసుపులో ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి మూత్రపిండాల్లో రాళ్లు పదే పదే వచ్చేవారు మాత్రం చెంచాలకు చెంచాలు పాలలో కలుపుకోకూడదు.

మీ నీళ్ల పరీక్ష గురించి ఒక చిన్న సవరణ. అది కొన్ని కల్తీ రంగులను పట్టిస్తుంది, కానీ సీసం ఎంత ఉందో చెప్పదు. మన ఆహార భద్రతా సంస్థ పసుపులో సీసానికి కిలోకు 10 మిల్లీగ్రాములు అని పరిమితి పెట్టింది, అది తేలాలంటే గుర్తింపు పొందిన ప్రయోగశాలకే పంపాలి. కొమ్ములు ఎంచి ఆడించుకునే మీ పద్ధతి మాత్రం చాలా మంచిది.

సీసాలు కొనేవారికి మరొక మాట. వెనుకవైపు ఆహార భద్రతా సంస్థ లైసెన్సు నంబరు మాత్రమే ఉంటే అది ఆహార పదార్థంగా అమ్ముతున్నది. రాష్ట్ర ఆయుష్ అధికారి ఇచ్చిన తయారీ లైసెన్సు నంబరు ఉంటే అది ఆయుర్వేద ఔషధం. ఆహారంగా లైసెన్సు తీసుకుని జబ్బు నయం చేస్తామని చెప్పే హక్కు ఎవరికీ లేదు. మధుమేహాన్ని పూర్తిగా తగ్గిస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం.

తెనాలి_అమ్మాయి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న అమ్మను హృద్రోగ నిపుణుల దగ్గరకు తీసుకెళ్లాను. సీసా చూడగానే ఆపేయమన్నారు. అడిగితే అప్పుడు అమ్మ చెప్పింది, పళ్లు తోముకునేటప్పుడు కొంతకాలంగా చిగుళ్ల నుంచి రక్తం వస్తోందట, వయసు వల్ల అనుకుందట. కాలేయ పరీక్షలో ఒక ఎంజైము మామూలుకన్నా కొద్దిగా ఎక్కువగా ఉంది. సీసా ఆపి నాలుగు వారాల తరువాత మళ్లీ పరీక్ష చేద్దామన్నారు. మోకాళ్లకు వ్యాయామం నేర్పడానికి ఫిజియోథెరపీకి పంపారు.

ఫార్మసిస్టుగారు చెప్పిన 30 గ్రాముల లెక్కను అమ్మకు వంటింటి త్రాసులో తూచి పళ్లెంలో పోసి చూపించాను. "ఇంత పసుపు నేను రోజూ తింటున్నానా?" అని చాలాసేపు చూసింది. ఆ తరువాత సీసా తనే తీసి నా చేతికిచ్చింది. దీన్ని పారేయవచ్చా?

హనుమకొండ_ఫార్మసిస్టు

పారేయవద్దు. మిగిలిన క్యాప్సూళ్లతో సహా రెండో పరీక్ష ఫలితం వచ్చేదాకా దాచండి, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ కనిపించేలా ఫోటో తీసి పెట్టుకోండి. ఎంజైము దిగివస్తే, మీ డాక్టరుగారితోనే ఔషధ దుష్ఫలితాల నివేదిక నింపించండి. అది ఆయుర్వేద ఔషధంగా అమ్మినదైతే ఢిల్లీలోని అఖిల భారత ఆయుర్వేద సంస్థ ఆధ్వర్యంలో నడిచే నిఘా కార్యక్రమానికి కూడా పంపవచ్చు. ఈలోగా కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులో రావడం, ఒళ్లంతా దురద, అన్నం సహించకపోవడం వంటివి కనిపిస్తే నాలుగు వారాల దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. సీసా ఇచ్చిన బంధువులకు కూడా ఫోన్ చేయండి, వారింట్లో ఇంకెవరు వాడుతున్నారో, వారు ఏ మందుల మీద ఉన్నారో కనుక్కోండి.